మాట విని గుర్తుపట్టారు

మేమిద్దరం కోయ పంతుళ్ళం. ముప్పై ఏళ్ళకు పైగా ఏజెన్సీ బడుల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యాం. శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరం పక్కన మా గూడెం. నీళ్ళంటే మాకు నదే. విశాఖపట్నంలో ట్రైనింగుకు పోయినప్పుడు ఒడ్డున నిలబడి సముద్రాన్ని చూశామే తప్ప, దాని మీద ప్రయాణం చేసింది లేదు. అలాంటి మేం 2023 ఆగస్టులో కెనడా పడమటి తీరంలో, వాంకూవర్ దీవి ఉత్తరపు కొసన, తిమింగలాలను చూపించే పడవ ఎక్కాం. ఆ ఒక్క రోజు సంగతి మన పిల్లలకూ, మనలాంటి పంతుళ్ళకూ చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాం. చూసిన జంతువు గొప్పదని కాదు. అక్కడ విన్న ఒక కథ మమ్మల్ని మా బడి గదిలోకి తీసుకొచ్చి నిలబెట్టింది. అందుకని.

మా అమ్మాయి గిరిజన విద్యార్థులకిచ్చే విదేశీ చదువు సాయంతో వెళ్ళి, వాంకూవర్‌లో చదువు ముగించి, అక్కడే ఉద్యోగం చేస్తోంది. "ఒక్కసారి వచ్చి చూడండి నాన్నా, అమ్మను కూడా తీసుకుని" అని మూడేళ్ళు పోరింది. వెళ్ళాం. నగరం చూపించింది, వంతెనలు చూపించింది, పెద్ద పెద్ద అంగళ్ళు చూపించింది. మాకు వారానికే విసుగొచ్చింది. "ఇక్కడ మనలాంటోళ్ళు ఎవరూ లేరా?" అని అడిగాం. "ఉన్నారు. కానీ వాళ్ళ ఊళ్ళు చూడాలంటే ఉత్తరానికి పోవాలి" అంది.

అలా బయలుదేరాం. ముందు పెద్ద ఓడలో గంటన్నర పైన ప్రయాణం చేసి దీవికి చేరాం. కారుతో సహా ఓడ ఎక్కడం మాకు అదే మొదటిసారి. అక్కడి నుంచి నాలుగైదు గంటలు కారులోనే ఉత్తరానికి వెళ్ళాం. దారి పొడుగునా అడవి. దేవదారు జాతి చెట్లు తలెత్తి చూస్తే చివర కనపడనంత ఎత్తున్నాయి. మధ్య మధ్య కొండలు బోడిగా ఉన్నాయి, కలప కోసం నరికేశారు. ఆ బోడి కొండలు చూడగానే మా ఇద్దరికీ ఒకేసారి మన కొండలు గుర్తొచ్చాయి. మాట్లాడుకోలేదు. పోర్ట్ మెక్‌నీల్ అనే చిన్న ఊళ్ళో రాత్రి పడుకుని, పొద్దున్నే ఇంకో చిన్న ఓడలో అలర్ట్ బే అనే ఊరికి చేరాం. కార్మరంట్ దీవి మీద ఉంది ఆ ఊరు. అక్కడి ఆదివాసులు నమ్‌గీస్ జనం. ఆ చుట్టుపక్కల దీవుల్లో, తీరాల్లో ఉన్న ఇలాంటి తెగలన్నిటినీ కలిపి క్వాక్వకావక్వ్ అంటారు. ఆ పేరుకు అర్థం ఏమిటో తెలుసా? 'క్వాక్వాలా మాట్లాడేవాళ్ళు' అని. వాళ్ళ పేరులోనే వాళ్ళ భాష ఉంది.

ఆగస్టంటే మనకు వానలు, వరద. అక్కడ ఎండాకాలమే. అయినా పొద్దుటిపూట మంచు నీటి మీద దుప్పటి కప్పినట్టు ఉంది. స్వెట్టర్ల మీద వాళ్ళిచ్చిన ఎర్రటి బరువైన కోట్లు తొడుక్కున్నాం. పడవ మన పాపికొండల లాంచీలో సగం కూడా ఉండదు. పన్నెండు మందిమి ఎక్కాం. సరంగు తెల్లవాడు, నెరిసిన గడ్డంతో ఉన్నాడు. గైడు మాత్రం ఆ ఊరి ఆదివాసీ అమ్మాయి, ముప్పై ఏళ్ళుంటాయి. ముందు తన భాషలో 'గిలకస్లా' అని పలకరించింది. తర్వాత తన తల్లి పేరు, అమ్మమ్మ పేరు, తన తెగ పేరు చెప్పింది. ఆ తర్వాతే తన పేరు చెప్పింది. మన పెద్దలు కొత్త ఊరికి పోతే ఇంటిపేరు, గట్టు చెప్పాకే కదా కూర్చునేది. మాకు ఆ అమ్మాయి అక్కడికక్కడే చుట్టంలా అనిపించింది.

తర్వాత జాగ్రత్తలు చెప్పింది. లైఫ్ జాకెట్ ఎక్కడుంది, ఎలా బిగించాలి, నీళ్ళలో పడితే ఏం చేయాలి, ఒక్కొక్కటే చూపించి, మాచేత చేయించింది. పది నిమిషాలు పట్టింది. ఎవరూ విసుక్కోలేదు. మాకు మాత్రం గొంతులో ఏదో అడ్డుపడింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగినప్పుడు, ఒడ్డునున్న గూడేలవాళ్ళే పడవలేసుకుని పోయి దొరికినవాళ్ళను దొరికినట్టు బయటకు లాగారు. పర్యాటకులు చూడటానికి వచ్చే కొండల్లో బతికేవాళ్ళు, ఆ రోజు వాళ్ళ ప్రాణాలు కాపాడారు. మామూలు రోజుల్లో మాత్రం లాంచీలో మైకు పట్టుకున్న మనిషి "అదిగో, ఆ కొండల్లో కొండరెడ్లుంటారు, చూడండి" అని వేలు చూపిస్తాడు. పేరంటాలపల్లిలో దిగి వెదురు బుట్ట కొనుక్కుని మళ్ళీ ఎక్కుతారు. మైకు ఎప్పుడూ బయటివాళ్ళ చేతిలోనే. ఇక్కడ మైకు ఆ ఊరి పిల్ల చేతిలో ఉంది. ఆ తేడా ఏమిటో మాకు సాయంత్రానికి గానీ పూర్తిగా తెలిసిరాలేదు.

పడవ జాన్‌స్టన్ జలసంధిలోకి వచ్చింది. ఒకవైపు వాంకూవర్ దీవి కొండలు, ఇంకోవైపు చిన్న దీవులు, మధ్యలో సముద్రం. మన పాపికొండల మధ్య గోదావరి సన్నబడ్డట్టే ఉంటుంది గానీ, లోతూ వెడల్పూ ఎన్నో రెట్లు. ముందు కనిపించింది హంప్‌బ్యాక్ అనే పెద్ద తిమింగలం. కనబడకముందే వినబడింది. బుస్సుమని ఆవిరి చిమ్మిన చప్పుడు, తర్వాత చేపల కుళ్ళు వాసన. నల్లటి వీపు నెమ్మదిగా వంగింది, తోక పైకి లేచింది, నీళ్ళు కారుతూ లోపలికి దిగిపోయింది. అంతే. మాలో ఒకరం ఫోను తీసేలోపే అయిపోయింది.

"వీటిని ఈ తీరంలో నూనె కోసం వేటాడి దాదాపు లేకుండా చేశారు. ఇక్కడికి దగ్గర్లోనే కోల్ హార్బర్ అనే చోట తిమింగలాలను కోసే స్టేషను 1967 దాకా నడిచింది. వేట ఆపాక, కొన్నేళ్ళకు ఒక్కొక్కటే తిరిగి రావడం మొదలుపెట్టాయి" అని గైడు చెప్పింది. మా అమ్మాయి మా పక్కనే కూర్చుని తెలుగులో చెబుతోంది. మాకు ఇంగ్లీషు వచ్చినా ఆ యాస పట్టుబడలేదు.

మేం వచ్చింది అసలు ఓర్కాల కోసం. నల్లటి ఒళ్ళు, తెల్లటి పొట్ట, కంటి వెనక తెల్లటి మచ్చ. పేరుకు తిమింగలమే గానీ నిజానికి డాల్ఫిన్ల కుటుంబంలో పెద్దది. వాటిని ఆ జనం ఏమంటారో గైడు పలికి చూపించింది. మా చెవికి వినిపించినంతలో 'మాఖినూఖ్'. మేం పలికితే పడవంతా నవ్వింది, ఆ అమ్మాయి కూడా నవ్వింది. రెండోసారి పలికించింది, మూడోసారి పలికించింది. నాలుగోసారికి "సరిపోయింది" అంది. పిల్లలకు నేర్పడంలో ఆమెకు ఓపిక ఉంది. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాళ్ళం, పంతులును చూస్తే పోల్చుకోగలం.

పదకొండు గంటలప్పుడు మంచు విడిపోయింది. సరంగు ఇంజను ఆపేశాడు. దూరంగా ఒక నల్లటి రెక్క కత్తిలా నీటిలోంచి లేచింది. ఆరడుగుల మగ ఓర్కా రెక్క అది. దాని పక్కన పొట్టి రెక్కలు, ఇంకా చిన్నది ఒకటి. "రెండు వందల మీటర్ల కంటే దగ్గరికి పోకూడదు, అది చట్టం" అంది గైడు. దగ్గరికి పోదామని ఒకాయన అడిగితే "అవి మన దగ్గరికి వస్తే వాటి ఇష్టం. మనం పోవడానికి వీల్లేదు" అంది. గొంతు పెంచలేదు, నవ్వు తగ్గించలేదు.

"ముందు వెళ్తున్నది తల్లి. పక్కనున్న పెద్ద మగది ఆమె కొడుకే. ఇక్కడి ఓర్కాల్లో కొడుకులైనా కూతుళ్ళైనా బతికినన్నాళ్ళూ తల్లి దగ్గరే ఉంటారు. గుంపును నడిపేది ముసలి తల్లి. ఏ నెలలో ఏ మలుపులో చేప దొరుకుతుందో ఆమెకే తెలుసు."

వాటి తిండి సాల్మన్ చేప. ఆ చేప మన పులస లాంటిదే. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుకుంటూ పోతుంది. మన పులసకు బ్యారేజీ అడ్డమొచ్చింది. అక్కడి సాల్మన్‌కు నరికేసిన అడవి, వేడెక్కిన నీళ్ళు, సముద్రంలో వలలు కట్టి పెంచే చేపల వల్ల వచ్చిన పేలు అడ్డమొచ్చాయి. ఆ చేపల పెంపకం తమ నీళ్ళలో వద్దని నమ్‌గీస్‌తో పాటు ఇంకో రెండు తెగలు ఏళ్ళ తరబడి కొట్లాడి, 2018లో ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నాయి. చేప పోతే ఓర్కా పోతుంది, ఓర్కా పోతే మేం ఎవరమో మా పిల్లలకు చెప్పలేం అని గైడు అంది. ఈ రకం ఓర్కాలు ఆ ఉత్తరపు నీళ్ళలో మొత్తం మూడు వందలకు పైన ఉంటాయి, అంతే. మన మండలంలో ఒక పెద్ద ఊరి జనం కూడా అంతకంటే ఎక్కువే.

అప్పుడు ఆమె ఒక నల్లటి వైరు తీసి నీళ్ళలోకి వదిలింది. దాని చివర నీటి లోపలి మైకు. స్పీకరు పెట్టింది. ముందు గరగర. తర్వాత వినిపించింది. తలుపు కీచుమన్నట్టు, ఎక్కడో ఎవరో ఈల వేసినట్టు, పసిబిడ్డ గొంతు సాగదీసినట్టు. ఒకటి పిలుస్తుంది, ఇంకొకటి పలుకుతుంది. పడవలో ఎవరూ కదల్లేదు.

"ఒక్కో కుటుంబానికి ఒక్కో యాస ఉంటుంది" అంది గైడు. "పుట్టిన పిల్ల తల్లి దగ్గర విని విని నేర్చుకుంటుంది. కొన్ని కుటుంబాల పిలుపులు కొంచెం కలుస్తాయి, వాటిని ఒక వంశం అంటాం. ఇక్కడివి మూడు వంశాలు. జత కట్టేటప్పుడు మాత్రం తమ కుటుంబంలో కట్టవు, వేరే యాస ఉన్న గుంపులోనే చూసుకుంటాయి."

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. మూడో గట్టువాళ్ళు మూడో గట్టులో పిల్లనివ్వరు, అయిదో గట్టులో అడుగుతారు. ఈ సంగతి సముద్రంలో కూడా ఉందన్నమాట. నవ్వుతూ కోయలోనే ఏదో అనుకున్నాం. గైడు విన్నది.

"మీరు మాట్లాడేది ఏ భాష?" అని అడిగింది.

మా అమ్మాయి వెంటనే "తెలుగు" అంది.

కాదు. మాలో ఒకరం "కోయ" అన్నాం. గైడు మా అమ్మాయి వైపు చూసి, "నీకు వచ్చా?" అంది. మా అమ్మాయి తల అడ్డంగా ఊపింది. గైడు ఇంకేమీ అనలేదు. కానీ ఆ మాట మా మధ్య బెంచీ మీద కూర్చునే ఉంది.

కాసేపటికి ఆమె స్ప్రింగర్ కథ చెప్పింది. మేం ఆ పడవ ఎక్కింది ఈ కథ వినడానికే అని ఇప్పుడు అనిపిస్తుంది.

2002 జనవరిలో, ఇక్కడికి ఎంతో దూరంలో, అమెరికాలో సియాటిల్ దగ్గరి నీళ్ళలో ఒక పిల్ల ఓర్కా ఒంటరిగా తిరుగుతూ కనిపించింది. వయసు రెండేళ్ళు. చిక్కిపోయింది, ఒంటి మీద జబ్బు. పడవలను, కొట్టుకొచ్చిన దుంగలను పట్టుకుని వేలాడేది. ఎవరి పిల్లో తెలియదు. అప్పుడు శాస్త్రవేత్తలు నీళ్ళలో మైకు వేసి దాని గొంతు రికార్డు చేశారు. తల్లి లేదు, తోడు లేదు, అయినా అది తన ఇంటి పిలుపులే పిలుస్తోంది. ఆ పిలుపులను పాత రికార్డులతో పోల్చి, ఇది దక్షిణపు గుంపుల పిల్ల కాదు, ఉత్తరాన ఉన్న ఫలానా కుటుంబం పిల్ల అని పోల్చారు. ఫోటోలు చూసి ఖాయం చేసుకున్నారు. తల్లి చనిపోయిందని తెలిసింది.

ఆ పిల్లను పట్టి, కొన్నాళ్ళు వైద్యం చేసి, జులైలో వేగంగా పోయే ఓడలో నీళ్ళ తొట్టిలో పెట్టుకుని ఇక్కడికి తెచ్చారు. ఎదురుగా ఉన్న హాన్సన్ దీవి దగ్గరి ఒక చిన్న కయ్యలో వల కట్టి దించారు. నమ్‌గీస్ జనం ఆ పిల్లకు సాల్మన్ చేపలు పట్టి పెట్టారు, తమ పద్ధతిలో స్వాగతం చెప్పారు. మర్నాడు బంధువుల గుంపు అటుగా వచ్చింది. పిలుపులు వినిపించాయి. వలలో పిల్ల బదులు పలికింది. వల తీశారు. కొన్ని రోజులు దూరదూరంగా తిరిగి, తర్వాత గుంపులో కలిసిపోయింది. 2013లో తల్లి కూడా అయింది.

"ఒంటరి అయిపోయినా మాట మరిచిపోలేదు. ఆ మాట విని గుర్తుపట్టారు కాబట్టి ఇంటికి చేరింది" అంది గైడు. తర్వాత ఇంకో పేరు చెప్పింది, కోర్కీ. 1969లో ఈ నీళ్ళ గుంపుల్లోంచి పట్టి అమ్మేసిన ఆడ ఓర్కా. ఇప్పటికీ కాలిఫోర్నియాలో ఒక కొలనులో ఉంది. దాని అన్నదమ్ముల గుంపు ఏటా ఇక్కడికి వస్తూనే ఉంది. "అందరూ తిరిగి రారు" అంది ఆ అమ్మాయి.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇప్పుడు మా తప్పు చెప్పాలి.

మేం ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్ళ సంగతి. మేం పనిచేసిన ఒక ఆశ్రమ పాఠశాలలో రెండో తరగతికి ఒక పిల్లవాడు వచ్చాడు. కొండ మీది గూడెం నుంచి. తెలుగు ఒక్క ముక్క రాదు. తరగతిలో కోయ మాట్లాడితే గుంజీలు అన్న నియమం మేం పెట్టిందే. పైవాళ్ళెవరూ చెప్పలేదు. పిల్లలు తొందరగా తెలుగు నేర్చుకుని బాగుపడాలని మేమే పెట్టాం. మేం కూడా అలాగే దెబ్బలు తిని నేర్చుకున్నాం, అదే దారి అనుకున్నాం.

ఒక మధ్యాహ్నం ఆ పిల్లవాడు లేచి నిలబడి "ఏరు" అన్నాడు. కోయలో ఏరంటే నీళ్ళు. తెలుగులో ఏరంటే వాగు. మాకు అర్థమైంది. తల్లి పాలతో వచ్చిన మాట, అర్థం కాకుండా ఎలా ఉంటుంది? అయినా అర్థం కానట్టు నటించాం. "ఏటికి పోతావా? బడి వదిలేసి ఏటికి పోతావా?" అన్నాం. పిల్లలంతా నవ్వారు. "నీళ్ళు అని అడిగితేనే గ్లాసు ఇస్తాం" అన్నాం. వాడు మా మొహం చూశాడు. మేం కోయవాళ్ళమని వాడికి తెలుసు. ఇంకేమీ అనకుండా కూర్చున్నాడు. సాయంత్రం దాకా దాహంతోనే ఉన్నాడు. ఆ శనివారం ఇంటికి పోయిన పిల్లవాడు మళ్ళీ బడికి రాలేదు. రిజిస్టరులో 'డ్రాపవుట్' అని రాశాం.

పరాయివాడు మన మాట విని గుర్తుపట్టకపోతే అది వాడి అజ్ఞానం. మనవాళ్ళమే విని, గుర్తుపట్టి, పట్టనట్టు ఉంటే దాన్ని ఏమనాలి? సియాటిల్ నీళ్ళలో ఆ పిల్ల పిలుపు రికార్డు చేసినవాళ్ళకు దాని భాష రాదు. అయినా ఇల్లెక్కడో కనిపెట్టారు. మాకు భాష వచ్చు. అయినా బిడ్డను ఇంటికి పంపేశాం, మళ్ళీ రాకుండా.

మా అమ్మాయికి కోయ రాకపోవడానికి కూడా మేమే కారణం. ఇంట్లో దానితో తెలుగే మాట్లాడాం. మేమిద్దరం రహస్యాలు మాట్లాడుకోవడానికి మాత్రం కోయను దాచుకున్నాం. డబ్బుల సంగతి, చుట్టాల గొడవలు, అప్పులు. దానికి చిన్నప్పుడు కోయ అంటే అమ్మానాన్నలు తనకు చెప్పకుండా దాచే మాట.

పడవ వెనక్కి తిరిగే ముందు సరంగు ఇంకోచోట కాసేపు ఆపాడు. దూరంగా కొండ కింద చిన్న గులకరాళ్ళ ఒడ్డు. రాబ్సన్ బైట్ అంటారు. ఓర్కాలు అక్కడికి వచ్చి గులకరాళ్ళకు పొట్టలు రాసుకుంటాయట. ప్రపంచంలో చాలా అరుదైన సంగతి. 1982 నుంచి అది రక్షిత ప్రాంతం, పడవలు లోపలికి పోకూడదు. "మేం చూపించం" అంది గైడు. "వాటికి కూడా వాటి ఇల్లు ఉండాలి కదా." డబ్బులిచ్చి వచ్చినవాళ్ళకు అన్నీ చూపించాల్సిన పని లేదని, ఏది చూపాలో ఏది చూపకూడదో ఆ చోటివాళ్ళు నిర్ణయించవచ్చని మాకు ఆ గులకరాళ్ళ ఒడ్డు దగ్గర తెలిసింది. మన పండుగలు, మన వేల్పులు, మన ఆటలు ఎవరు అడిగితే వాళ్ళకు వేదిక మీద ఆడించి చూపించే మనకు ఆ మాట పనికొస్తుంది.

ఒడ్డు చేరాక ఆ అమ్మాయి తమ సాంస్కృతిక కేంద్రం చూసి పొమ్మంది. దాని పేరు ఉమిస్తా. వెనకటికి శత్రువులు ఎత్తుకుపోయినవాళ్ళు ఎలాగో తిరిగి ఇల్లు చేరితే, వాళ్ళకు ఉమిస్తా దొరికిందనేవారట. తిరిగి రావడం అని అర్థం. కెనడా ప్రభుత్వం 1885 నుంచి 1951 దాకా వాళ్ళ పాట్లాచ్ వేడుకను నిషేధించింది. పేరు పెట్టినా, పెళ్ళి చేసినా, పెద్దలు పోయినా, ఊరందరికీ పెట్టుపోతలు పెట్టే వేడుక అది. 1921 క్రిస్మస్‌ రోజుల్లో దొంగచాటుగా చేసుకుంటే కేసులు పెట్టి, ముసుగులు, రేకులు లాక్కుని దూరపు మ్యూజియాలకు పంపారు. పట్టుబట్టి అడిగితే కొన్ని తిరిగి వచ్చాయి. వాటికోసం 1980లో ఈ కేంద్రం తెరిచారు. ముసుగులను అద్దాల పెట్టెల్లో పెట్టలేదు. ఇన్నేళ్ళు బంధించి ఉంచారు, మళ్ళీ మేం బంధించడమెందుకు అన్నారట.

ఆ కేంద్రం పక్కన ఖాళీ నేల ఉంది. అక్కడ ఆదివాసీ పిల్లల వసతి బడి ఉండేది. 1929లో కట్టిన పెద్ద ఇటుకల భవనం. తమ భాష మాట్లాడితే పిల్లలను శిక్షించిన బడి. మూతపడి ఎన్నో ఏళ్ళయ్యాక, 2015లో ఆ ఊరివాళ్ళు దాన్ని కూల్చేశారు. ఇలాంటి బడుల గురించి కెనడా ప్రధానమంత్రి 2008లో పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. ఇప్పుడు క్వాక్వాలా ధారాళంగా మాట్లాడే పెద్దలు కొద్దిమందే మిగిలారు. గైడు అమ్మాయి కూడా అమ్మ దగ్గర నేర్చుకోలేదట, పెద్దయ్యాక ముసలమ్మల దగ్గర కూర్చుని ఒక్కొక్క మాటే నేర్చుకుందట. ఖాళీ నేల ముందు మేం చాలాసేపు నిలబడ్డాం. అక్కడ పాఠాలు చెప్పినవాళ్ళు పరాయివాళ్ళు. మేం మా పిల్లలకు పరాయివాళ్ళం కాము. అదే మా బాధ.

తిరుగు ఓడలో మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నీళ్ళను కోయలో ఏమంటారు?" అంది.

"ఏరు."

"అది తెలుగే కదా?"

"కాదు. మనది."

మళ్ళీ పలికింది. తెలుగు పలికినట్టే పలికింది. సరిచేశాం. మూడోసారి, నాలుగోసారి. గైడు అమ్మాయి మాకు పలికించినట్టే.

మిత్రులారా, ఇది చదివే పంతుళ్ళకు ఒక్క మాట. రాజ్యాంగం 350ఎ అధికరణం పిల్లలకు ప్రాథమిక దశలో తల్లి భాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చేయమంటోంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 తర్వాత కోయ, గోండి, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వేశారు. మేం పనిచేసిన బడికి కూడా ఒక కట్ట వచ్చింది. బీరువాలో పెట్టి తాళం వేశాం. పోయిన ఏడాది పాత స్నేహితుడితో వెళ్ళి అడిగితే కొన్ని చెదలు తినగా మిగిలాయి. మీ బీరువాలు తెరవండి. పుస్తకం లేకపోతే పిల్లవాడు చెప్పే మాటను బోర్డు మీద రాయండి. దాని పక్కన తెలుగు మాట రాయండి. తెలుగూ కావాలి, ఇంగ్లీషూ కావాలి. మా అమ్మాయి అంత దూరం పోయింది ఆ రెండింటితోనే. కానీ ఆ రెండూ నేర్పడానికి మొదటిది తీసేయాల్సిన పని లేదు. మేం తీసేశాం. మీరు తీసేయకండి.

యువకులకు ఇంకో మాట. లాంచీలు వస్తాయి, హోటళ్ళు వస్తాయి, మన కొండలు చూడటానికి జనం వస్తారు. ఆ మైకు మీరు పట్టుకోండి. పట్టుకున్నాక మొదటి మాట మీ తల్లి భాషలో చెప్పండి. ఏది చూపకూడదో అది కూడా మీరే చెప్పండి.

ఇంటికి వచ్చాక మేం ఆ పిల్లవాడి గూడెం వెతుక్కుంటూ పోయాం. పిల్లవాడు కాదిప్పుడు, నలభై దగ్గరపడ్డ మనిషి. మిరప కోతలకు పోతాడు, లేనప్పుడు ఆటో నడుపుతాడు. అతని కొడుకు ఇంగ్లీషు మీడియం బడికి పోతున్నాడు. కొడుకుతో తెలుగే మాట్లాడుతున్నాడు. "బళ్ళో ఇబ్బంది పడకూడదు గదా పంతులుగారూ" అన్నాడు. మేం తల దించుకున్నాం.

ఇప్పుడు ఆదివారం ఆదివారం ఆ గూడెం పోతున్నాం. ముసలమ్మలను కూర్చోబెట్టుకుని, పిల్లలను చుట్టూ చేర్చుకుని, చేపల పేర్లు, చెట్ల పేర్లు, వరసల పేర్లు రెండు వందల పేజీల నోటుపుస్తకంలో తెలుగు లిపిలో రాస్తున్నాం. వీడియో కాల్‌లో మా అమ్మాయి కూడా వింటోంది.

మొదటి రోజు మేం వెళ్ళినప్పుడు ఎండగా ఉంది. అతను మంచం వాల్చి కూర్చోమని, లోపలికి పోయి చెంబు తెచ్చి మా చేతికిచ్చాడు. "ఏరు" అన్నాడు. ఆ రోజు అతనికి గుర్తుందో లేదో మేం అడగలేదు. తాగాం.